పెద్ద షోరూంలు 30 రోజుల వాపసు ఇస్తుంటే చిన్న బట్టల కొట్టు ఏం చేయాలి?

విభాగం: వ్యాపారం › కడప, ప్రొద్దుటూరు

వైవీస్ట్రీట్_కొట్టు

అన్నలకు, అక్కలకు నమస్తే. కడప వైవీ స్ట్రీట్ చుట్టుపక్కల చీరలు, డ్రెస్సులు అమ్మే చిన్న కొట్ల గురించి ఈ చర్చ. పెద్ద షోరూంలు "నచ్చకపోతే 30 రోజుల్లో వాపసు" అని బోర్డు కడుతున్నాయి. ఇప్పుడు ప్రతి గిరాకీ అదే అడుగుతోంది. ఇవ్వనంటే పక్క కొట్టుకు పోతారు, ఇస్తే పెళ్లికి కట్టిన చీర సోమవారం కౌంటర్ మీదికి వస్తుంది.

తేల్చాల్సినవి మూడు. ఒక వాపసు లాభంలో ఎంత తింటుంది? కట్టి తెచ్చిన చీరను కౌంటర్ దగ్గరే పట్టుకోవడం ఎట్లా? "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు మీద అచ్చేస్తే చెల్లుతుందా? "కస్టమరే దేవుడు" లాంటి మాటలు వద్దు, పద్ధతులు చెప్పండి.

పద్దుల_పుస్తకం

మొదటి ప్రశ్నకు లెక్క. జీఎస్టీ పక్కన పెట్టి ఒక ఉదాహరణ చూద్దాం. కొన్నది ₹1,600, అమ్మింది ₹2,000, మిగులు ₹400. చీర వాపసు వచ్చింది. మళ్లీ ఇస్త్రీ, మడత, కొత్త కవరు, ట్యాగ్ అన్నీ కలిపి ₹60 అనుకోండి. పండగ దాటిపోయింది కాబట్టి అది ఆషాఢం తగ్గింపులో ₹1,500కు పోతుంది. అంటే ₹400 లాభం పోయింది, పైన చేతి నుంచి ₹160 పడింది. మొత్తం తేడా ₹560.

నూరు చీరలు అమ్మితే లాభం ₹40,000 రావాలి. అందులో ఎనిమిది ఇట్లా వెనక్కి వస్తే ₹4,480 పోయినట్టు. అమ్మకంలో నూటికి ఎనిమిదే, లాభంలో మాత్రం పదకొండు దాటింది. వాపసు శాతాన్ని అమ్మకాలతో పోల్చి "ఎనిమిదే కదా" అనుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

అదే చీర పండగకు పది రోజుల ముందు తిరిగొస్తే మళ్లీ ₹2,000కే పోతుంది, నష్టం ₹60తో ఆగుతుంది. కాబట్టి చూడాల్సింది ఎన్ని వచ్చాయని కాదు, ఎప్పుడు వచ్చాయని. ఉగాదికి, రంజాన్‌కు, శ్రావణం పెళ్లిళ్లకు అమ్మిన సరుకుకు 30 రోజులు ఇవ్వడమంటే ఆ సీజన్ సరుకును ఊరికే అద్దెకు ఇచ్చినట్టే.

జరీ_అంచు

రెండో ప్రశ్న నాకు వదిలేయండి. ధర్మవరం, మాధవరం పట్టు చూసే చేతికి కట్టిన చీరకు, కట్టని చీరకు తేడా రెండు నిమిషాల్లో తెలుస్తుంది. కౌంటర్ మీద తెల్ల దుప్పటి పరిచి, ట్యూబ్‌లైటు కింద ఈ వరుసలో చూడండి.

ముందు వాసన. మడత విప్పకముందే ముక్కుకు దగ్గరగా పట్టుకోండి. కొత్త చీరకు గంజి వాసన, బీరువా వాసన ఉంటుంది. సెంటు, చెమట, సాంబ్రాణి, పెళ్లి భోజనాల నూనె వాసన గుడ్డను అంత తొందరగా వదలవు. సెంటు కొట్టి తెచ్చారంటే అడుగున ఇంకేదో ఉందని.

తర్వాత పిన్నులు. ఇది చాలామంది చూడరు. చీర కట్టిన ఆడమనిషి పిన్ను పెట్టేది రెండు చోట్ల: భుజం దగ్గర పైట మడతల్లో, నడుము దగ్గర కుచ్చిళ్లలో. కొంగు చివరి నుంచి మీటరు, మీటరున్నర లోపలికి వచ్చి పై అంచును వెలుతురుకు ఎత్తి పట్టండి. మడతలన్నిటినీ గుచ్చిన పిన్ను కాబట్టి సన్నని రంధ్రాలు అయిదారంగుళాల దూరంలో వరుసగా కనిపిస్తాయి. పట్టు మీద ఆ రంధ్రం చుట్టూ పోగు పక్కకు జరిగి ఉంటుంది, గోటితో రుద్దినా పూర్తిగా పూడదు. మామూలుగా మడత పెట్టిన చీరలో ఈ వరుస రాదు.

మూడోది కింది అంచు. కట్టిన చీర కింది అంచు వెనకవైపు నేలను తాకుతుంది. తెల్ల కర్చీఫ్ తడిపి ఆ అంచు లోపలివైపు ఒక జాన మేర ఒత్తండి, మట్టి రంగు దిగుతుంది. మన దగ్గర ఎర్రమట్టి, నల్లరేగడి రెండూ ఉన్నాయి, రెండూ దాగవు. పట్టు చీరకు మాత్రం తడి వద్దు, నీటి మరక పడిందని నష్టం మీ మీదే వేస్తారు. పొడి గుడ్డతో రుద్ది చూడండి.

నాలుగోది ఫాల్. ఫాల్ కుట్టి విప్పేసి తెచ్చేవాళ్లు ఉన్నారు. కింది అంచులో దాదాపు రెండున్నర మీటర్ల పొడవున సూది రంధ్రాల వరుస మిగులుతుంది. పికో చేసి ఉంటే కొంగు చివర దారం చెబుతుంది.

చివరిది కొలత. జాకెట్ గుడ్డతో కలిపి చీర 6.30 మీటర్లని అమ్మి ఉంటే, వాపసు వచ్చినప్పుడు కొలవండి. 5.50 వచ్చిందంటే 80 సెంటీమీటర్ల జాకెట్ గుడ్డ దర్జీ దగ్గర ఉందని.

కుంకుమ, పసుపు మరకలు ఎటూ కనిపిస్తాయి, వాటి గురించి రాయడం దండగ.

బేరం_లేదు

కొనేవాళ్ల వైపు నుంచి ఒక మాట. ఇంట్లో పగటి వెలుతురులో రంగు వేరేగా కనిపిస్తే తప్పెవరిది? మీ కొట్లలో పసుపు లైట్లు పెట్టి మెరూన్‌ను ఎరుపని అమ్ముతారు. డ్రెస్సుకు ట్రయల్ రూం ఉండదు, ఉన్నా తలుపుకు గొళ్లెం ఉండదు. ప్రతి వాపసూ మోసమే అన్నట్టు ముక్కుతో వాసన చూస్తే మళ్లీ ఆ కొట్టు మెట్లు ఎక్కరు.

జరీ_అంచు

ఒప్పుకుంటా. వాసన చూసేది గిరాకీ మొహం ముందు కాదు. "మడత సరిచేసి వస్తా" అని లోపలి బల్ల మీద చూడాలి. రంగు గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. తలుపు దగ్గర ఎండ పడేచోట చూపించి బిల్లు వేస్తే రంగు వాపసులు చాలామటుకు తగ్గుతాయి. లైట్లు మార్చేటప్పుడు పెట్టె మీద 6500కె అని ఉన్నది తీసుకోండి, అది పగటి వెలుతురుకు దగ్గర.

ఎర్రబటన్

బట్టలోళ్లే మాట్లాడుకుంటాండారు, మిక్సీలు, కూలర్లు అమ్మేవాళ్ల గోడు ఎవురికీ పట్టదా సామీ.

మా లైన్లో వాపసు వచ్చే వాటిలో మోసం కంటే తెలియనితనం ఎక్కువ. "మిక్సీ చచ్చిపోయింది" అని తెస్తారు. తిరగేసి చూస్తే అడుగున ఎర్రబటన్ బయటికి వచ్చి ఉంటాది. జార్ నిండా తడి బియ్యమో, ఎండుకొబ్బరో వేసి ఆపకుండా తిప్పితే మోటారు కాలిపోకుండా అదే కరెంటు తెంపుతాది. స్విచ్ తీసి, ప్లగ్గు పీకి, అయిదు నిమిషాలు చల్లారనిచ్చి, బటన్ లోపలికి నొక్కి, జార్ లేకుండా తిప్పి చూడల్ల. తిరిగితే సరుకు మంచిదే.

ఇంకోటి "కాలిన వాసన". కొత్త మోటారు వైండింగ్ మీద వార్నిష్ ఉంటాది. మొదటి రెండు మూడుసార్లు వేడెక్కినప్పుడు వాసన కొడతాది, తర్వాత పోతాది. పొగ వస్తే అది వేరే సంగతి, వెంటనే మార్చాల్సిందే. ఇండక్షన్ పొయ్యి "పనిచేయలే" అని తెస్తే వాళ్ల గిన్నె అడుగుకు అయస్కాంతం పెట్టి చూపించండి. అతుక్కోకుంటే గిన్నె మార్చుకోవాల, పొయ్యి కాదు.

ఈ మూడూ అమ్మేటప్పుడే బల్ల మీద చేసి చూపిస్తే సగం వాపసులు గుమ్మం ఎక్కవు.

కూలర్ల కత మాత్రం అచ్చంగా దురాశ. మే నెల ఎండలకు కొంటారు, జూన్‌లో మబ్బు పట్టంగానే "గాలి సరిగా రాలే" అంటారు. మన బోరు నీళ్లు ఇక్కడ సాక్ష్యం చెబుతాయి. తేనెపట్టు ప్యాడ్ అంచున, పంపు జాలీ మీద, ఫ్లోట్ కింద తెల్ల ఉప్పు పొర పట్టి ఉంటాది. పైపైన తుడిచి తెస్తారు కానీ పంపు విప్పి లోపలి రెక్క చూడండి, ఆడ తుడవలేరు. గడ్డి ప్యాడ్ అయితే ఒకసారి తడిసి ఆరినా రంగు ముదురుతాది.

వకాల్తా

మూడో ప్రశ్నకు జవాబు. చెల్లదు, కనీసం మీరనుకున్నట్టు చెల్లదు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019, అమల్లోకి వచ్చింది 2020 జులై 20. అందులో సెక్షన్ 2(47) అన్యాయమైన వ్యాపార పద్ధతి అంటే ఏమిటో చెబుతుంది. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అందులో ఒకటి. గడువు బిల్లులో రాసి ఉంటే ఆ గడువు, రాయకపోతే 30 రోజులు. అంటే మీ "వాపసు తీసుకోబడదు" అచ్చు లోపమున్న చీర ముందు నిలబడదు.

లోపం లేదు, మనసు మారింది, అత్తగారికి నచ్చలేదు అంటారా? కొట్టులో చూసి కొన్న సరుకుకు ఆ హక్కు చట్టం ఇవ్వలేదు. అది మీరిచ్చే మాట మాత్రమే. కానీ బోర్డు కట్టి మాట ఇచ్చాక దానికి కట్టుబడాలి. బోర్డు మీద "30 రోజులు" అని పెద్దక్షరాలు, బిల్లు వెనక "సేల్ సరుకుకు వర్తించదు" అని చీమతలకాయంత అక్షరాలు వేస్తే, అది తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. షరతులు డబ్బు కట్టకముందే కనిపించాలి, తెలుగులో ఉండాలి.

ఎర్రబటన్ గారికి ఒక హెచ్చరిక. వెనక్కి తీసుకున్న కూలర్‌ను తుడిచి, అట్టపెట్టెలో పెట్టి కొత్తదని అమ్మితే అది కూడా అదే 2(47) కింద తప్పు. వాడినదని చెప్పి, బిల్లులో రాసి, తగ్గించి అమ్మండి.

కొనేవాళ్లకు: ముందు 1915 హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. చెల్లించిన సొమ్ము ₹5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ₹2,000 చీరకు కూడా ఫిర్యాదు పడుతుంది, కొట్టువాళ్లు అది గుర్తుపెట్టుకోవాలి.

ఇంకొకటి. కట్టి తెచ్చినవాళ్ల సీసీ కెమెరా ఫొటోలు వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో "దొంగ" అని పెడుతున్నారు. ఆపండి. పరువునష్టం భారతీయ న్యాయ సంహిత 356 కింద మీ మీదికే తిరుగుతుంది.

ప్యాకింగ్_టేపు

ప్రొద్దుటూరు నుంచి ఆన్‌లైన్‌లో చీరలు పంపేవాళ్ల లెక్క ఇంకా ఘోరం. అక్కడ తిరిగొచ్చేవి రెండు రకాలు, కలపకూడదు. డెలివరీ కాకుండానే వెనక్కి వచ్చేది ఒకటి: ఫోన్ ఎత్తలేదు, క్యాష్ లేదు, "ఆర్డరే పెట్టలేదు". విప్పి చూసి వెనక్కి పంపేది రెండోది. మోసం ఎక్కువగా రెండోదాంట్లో, క్యాష్ ఆన్ డెలివరీ దెబ్బ మొదటిదాంట్లో.

చీర మారిపోవడమే పెద్ద తలనొప్పి. పట్టు పంపితే పాలిస్టర్ తిరిగొస్తుంది. ఎదుర్కోవడానికి ఇవి చేయండి:

ప్యాక్ చేసేటప్పుడు ఒకే షాట్‌లో, ఎక్కడా కోయకుండా వీడియో తీయండి. చీర, కొంగు డిజైను, ట్యాగ్ నంబరు, తూకం అంకె, మూసిన కవరు మీది ఏడబ్ల్యూబీ (కొరియర్ ట్రాకింగ్) నంబరు, ఈ వరుసలో. తిరిగొచ్చిన పార్శిల్‌నూ అట్లాగే, ముందు మూసిన కవరు ఆరు వైపులా చూపించి, తర్వాతే కోయండి. కోసాక తీసిన వీడియో సాక్ష్యంగా నిలబడడం కష్టం. క్లెయిం గడువు ఒక్కో ప్లాట్‌ఫాంలో ఒక్కోరకం, కాబట్టి పార్శిల్ వచ్చిన రోజే విప్పండి.

తూకం గ్రాముల్లో రాసుకోండి. బరువు పట్టు స్థానంలో తేలిక సింథటిక్ వస్తే త్రాసే చెబుతుంది.

తెంపితే మళ్లీ అతకని లాక్ ట్యాగ్ వేయండి. వేసేది లోపలి మూలకు కాదు, కొంగు మీద పైకి కనిపించేచోట. డ్రెస్సుకైతే ఛాతీ మీద. అది వేలాడుతుంటే ఫంక్షన్‌కు వేసుకోలేరు, తెంపితే వాపసు లేదు. అన్నిటికంటే చవక మందు ఇదే.

కొరియర్ ఖర్చు తగ్గించుకోవాలంటే పెట్టె చూసుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చేది కిలోల లెక్క. 40 × 30 × 10 పెట్టె అంటే 2.4 కిలోలు. లోపలి చీర 600 గ్రాములే అయినా 2.4కే డబ్బు కడతారు, వెనక్కి వస్తే మళ్లీ కడతారు. పెట్టె మానేసి కవరులో పంపండి.

జరీ_అంచు

పట్టు మారిందా లేదా అనే గొడవకు సిల్క్ మార్క్ (అసలు పట్టు అని చెప్పే గుర్తు) లేబుల్ ఉపయోగం. లేబుల్ నంబరు బిల్లులో రాయండి, అదే నంబరుతో వచ్చిందా చూడండి. లేబుల్ తీసి ఇంకో చీరకు కుట్టారని అనుమానమొస్తే కొంగు కుచ్చు నుంచి ఒక పోగు లాగి అగ్గి చూపండి. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూస అవుతుంది.

డాలస్_తెలుగోడు

ఇక్కడ అమెరికా సంగతి రెండు ముక్కల్లో, ఎందుకంటే మీ షోరూంలు కాపీ కొడుతున్నది వీళ్లనే. ఎల్.ఎల్.బీన్ అనే కంపెనీ ఎప్పుడు తెచ్చినా తీసుకుంటానని దశాబ్దాల పాటు మాట నిలబెట్టుకుంది. చెత్తలో ఏరిన, పాతబజారులో కొన్న వస్తువులు తెచ్చి డబ్బులడిగారు. 2018 ఫిబ్రవరిలో బిల్లుతో ఒక ఏడాదికి కుదించింది. ఆర్‌ఈఐ అనే ఇంకో స్టోర్ల కంపెనీ 2013లోనే ఏడాదికి దిగింది. కాస్ట్‌కో 2007లో టీవీలు, కంప్యూటర్లకు 90 రోజులు పెట్టింది. కొన్ని పెద్ద చైన్లు వాపసు తెచ్చినవాళ్ల గుర్తింపు కార్డు నమోదు చేసి, హద్దు దాటినవాళ్లను ఆపుతాయి.

అయితే ఒక వింత. 2016లో జర్నల్ ఆఫ్ రిటైలింగ్‌లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి వచ్చింది. గడువు పొడవుగా ఉంటే వాపసులు పెరగవు, తగ్గుతాయని తేలింది. తొందర లేకపోతే మనిషి వస్తువుకు అలవాటు పడతాడు.

పద్దుల_పుస్తకం

> గడువు పొడవుగా ఉంటే వాపసులు పెరగవు, తగ్గుతాయి

సీజన్ చీరలకు దీన్ని పట్టుకుని పోకండి. వాపసుల సంఖ్య తగ్గొచ్చు, కానీ నెల తర్వాత వచ్చిన ఒక్క ఉగాది చీర వారంలో వచ్చిన తొమ్మిది చీరలంత తింటుంది. పైన ₹60, ₹560 లెక్క మళ్లీ చూడండి.

ఇక పుస్తకాల పని. మార్పిడి వచ్చినప్పుడు పాత బిల్లు కొట్టేసి పెన్నుతో కొత్త అంకె రాయడం మానండి. పాత బిల్లు నంబరు చూపుతూ క్రెడిట్ నోట్ (ఆ బిల్లు సొమ్ము తగ్గించామని చెప్పే కాగితం), కొత్త చీరకు కొత్త బిల్లు. కట్టిన జీఎస్టీ తగ్గించుకునేది ఆ నోట్ వల్లే, జీఎస్టీ చట్టం సెక్షన్ 34. అది ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు రిటర్న్‌లో చూపాలి. మామూలు గిరాకీలకు అమ్మకాల రిటర్న్ జీఎస్‌టీఆర్-1లో టేబుల్ 7లో వాపసులు తీసేసిన నికర అమ్మకం వేస్తారు. కాంపొజిషన్‌లో (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లు బిల్లులో పన్ను వసూలు చేయరు కాబట్టి వాళ్లకు ఈ తంటా లేదు.

ఆన్‌లైన్ వాళ్లకు: ప్లాట్‌ఫాం కోసుకునే జీఎస్టీ టీసీఎస్ (అమ్మకం డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను) 2024 జులై 10 నుంచి 0.5 శాతం, అదీ వాపసులు పోను నికర అమ్మకం మీద. నెలనెలా పోల్చి చూడకపోతే తిరిగొచ్చిన సరుకు మీద కూడా కోత అట్లాగే ఉండిపోతుంది.

ఎవరూ ఎత్తని విషయం ఇంకొకటి ఉంది: కౌంటర్ లోపలి మోసం. గిరాకీ రాకుండానే వాపసు రాసి క్యాష్ జేబులో వేసుకోవడం. గుమ్మం దగ్గర పారేసిన బిల్లు ఏరుకుని, ర్యాకులోంచే చీర తీసి "వాపసు" అనడం. మందు ఒక్కటే. డబ్బు ఏ దారిన వచ్చిందో ఆ దారినే పోవాలి. ఫోన్‌పేలో వస్తే ఫోన్‌పేకే, కార్డుతో వస్తే కార్డుకే. క్యాష్ వాపసుకు గిరాకీ ఫోన్‌కు ఓటీపీ పంపండి. వాపసు తీసుకున్న బిల్లు మీద అక్కడికక్కడే "వాపసు అయినది" అని ముద్ర కొట్టి మీ దగ్గరే ఉంచుకోండి. బయటి నుంచి వచ్చే సంచికి గుమ్మం దగ్గరే స్టిక్కర్ అంటించండి, స్టిక్కర్ లేని చీరకు వాపసు లేదు. నెలాఖరులో ఏ సేల్స్‌మన్ పేరున ఎన్ని వాపసులో చూడండి. ఒకరి పేరున మాత్రమే పేరుకుపోతే ఆ వారం కెమెరా చూడాల్సిందే.

బేరం_లేదు

మంచి గిరాకీని పోగొట్టుకోకుండా ఉండే దారి ఒకటి: డబ్బు వాపసు కాదు, క్రెడిట్ స్లిప్ ఇవ్వండి. కానీ దాని గడువు నెల పెట్టకండి, ఆరు నెలలు పెట్టండి. నెల గడువున్న స్లిప్ అంటే మళ్లీ నచ్చనిదే కొనాలని బలవంతం.

వైవీస్ట్రీట్_కొట్టు

అందరికీ వందనాలు. ఇవన్నీ కలిపి బిల్లు కింద వేయడానికి ముసాయిదా:

"సరుకులో లోపముంటే 30 రోజుల్లో మార్పు లేదా డబ్బు వాపసు. నచ్చకపోతే, సైజు చాలకపోతే 7 రోజుల్లో బిల్లు, లాక్ ట్యాగ్‌తో మార్పిడి లేదా 6 నెలల క్రెడిట్ స్లిప్. ఫాల్, పికో చేసినవి, కట్టినవి, ఉతికినవి తీసుకోబడవు."

వకాల్తా

మూడో వాక్యం అట్లా వదిలేస్తే మళ్లీ పాత బోర్డే అయింది. "లోపముంటే తప్ప" అని ముందు చేర్చండి. ఉతికాక రంగు వదిలిన చీరకు ఉతకకముందు లోపం ఎట్లా తెలుస్తుంది?

జరీ_అంచు

"జాకెట్ గుడ్డ కత్తిరించినవి" మర్చిపోయారు. ఫాల్ కుట్టేది మీ కొట్టులోనే అయితే కుట్టకముందు గిరాకీ ముందే చీర మొత్తం విప్పి పోగుతెంపులు, మరకలు చూపించి బిల్లు మీద సంతకం తీసుకోండి.

ఎర్రబటన్

అదంతా మూడంగుళాల థర్మల్ కాగితం మీద వేస్తారా అన్నా? ఎండలో బండి డిక్కీలో పెడితే నెలకే తెల్లబడతాది. ముప్పయ్యో రోజు బిల్లు తెస్తే నంబరు కూడా కనపడదు. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పీడీఎఫ్ వాట్సాప్‌కు పంపే ఏర్పాటు ఉంటే పెట్టుకోండి, లేకుంటే కౌంటర్ దగ్గరే ఫొటో తీసుకోమనండి.